అన్నయ్య గదిలో స్విచ్

మా ఇంటికి మొదటి స్మార్ట్ ప్లగ్ నా బద్ధకం వల్ల వచ్చింది. నేను శంషాబాద్ విమానాశ్రయంలో కార్గో గిడ్డంగిలో పనిచేస్తాను. పొద్దుటి షిఫ్టు ఉన్న రోజు చీకటితోనే లేవాలి. లేచి గీజర్ వేసి, నీళ్ళు కాగేలోపు సోఫాలో మళ్ళీ కునుకు తీసి, కింద కంపెనీ వ్యాను హారన్ కొడుతుంటే చన్నీళ్ళు గుమ్మరించుకుని పరిగెత్తడం నా దినచర్య. మంచం మీద నుంచే ఫోన్‌లో వేలు ఆనిస్తే గీజర్ వెలుగుతుందని తెలిశాక ఇక ఆగలేకపోయాను. ప్లగ్గు గోడకున్న సాకెట్లో గుచ్చాలి, గీజర్ వైరు ఆ ప్లగ్గులో గుచ్చాలి, అంతే.

గీజర్ తర్వాత దోమల మందు, దాని తర్వాత రైస్ కుక్కర్. పొద్దున బియ్యం కడిగి నీళ్ళు పోసి పెట్టేసి, సాయంత్రం దారిలోంచి కుక్కర్ ఆన్ చేశాను. వేసవి కదా, అన్నం పులిసిన వాసన కొట్టింది. మా ఆవిడ ఆ గిన్నె నా ముందు పెట్టి, "వండింది ఫోను కాబట్టి ఫోనుకే వడ్డించండి" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అప్పటికి అదొక సరదా మాత్రమే.

ఆ సరదా అన్నయ్య వచ్చాక అవసరంగా మారింది.

అన్నయ్య నాకంటే పదకొండేళ్ళు పెద్ద. కృష్ణా జిల్లాలో మా ఊరి చుట్టుపక్కల పాతికేళ్ళకు పైగా ఇళ్ళకు వైరింగ్ చేశాడు. నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నన్ను చదివించింది అన్నయ్య చేతి టెస్టరు, కటింగ్ ప్లయరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఊళ్ళో అందరిళ్ళల్లో దీపం పెట్టేసరికి టైమైపోయింది రా" అనేవాడు. నిరుడు అతనికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మిగిలింది, కాకపోతే నెమ్మదించింది. నేను వెళ్ళి శంషాబాద్ తీసుకొచ్చేశాను. మూడో అంతస్తులో మాది రెండు గదుల ఫ్లాటు. కిటికీ ఉన్న గది అతనికిచ్చాం.

మా ఆవిడ విమానాశ్రయం దారిలో ఒక హోటల్లో రిజర్వేషన్లు చూస్తుంది. సాయంత్రం అయిదున్నరకు వస్తుంది. నాకు మధ్యాహ్నం షిఫ్టు పడిన వారాల్లో ఒంటిగంటకు బయల్దేరాలి. అంటే ఒంటిగంట నుంచి అయిదున్నర దాకా అన్నయ్య ఒక్కడే. ఎదురు ఫ్లాటులో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. పాతబస్తీ నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం. ఆమె భర్త ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. "ఫికర్ చేయకుండ్రి అన్నా, నడుమ నడుమ నేను వచ్చి చూస్త" అంది. చూసేది కూడా. అయినా ఒక మనిషి ఫ్యాను వేయించుకోవడానికి పక్కింటి మనిషి కోసం చూడాల్సి రావడం ఎంత కష్టమో అన్నయ్య మొహం చూస్తే తెలిసిపోయేది. ఊరందరికీ ఫ్యాన్లు బిగించినవాడు అతను.

ఆ నాలుగున్నర గంటలు అతను ఒంటరిగా ఉండగలడా లేదా అన్నదే మా ఇంట్లో అసలు ప్రశ్న. ఉండగలిగితే మాతో ఉంటాడు. లేకపోతే ఎక్కడో ఒకచోట చేర్చాలి. ఈ మాట మా ఆవిడా నేనూ వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. అన్నయ్యకు వినపడదనుకునేవాళ్ళం.

అందుకని ఒక ఆదివారం అతని గదిలో మూడు ప్లగ్గులు పెట్టాను. టేబుల్ ఫ్యానుకొకటి, టీవీకొకటి, కూలర్‌కు పెద్దదొకటి. అన్నయ్య కూలర్ ప్లగ్గును ఎడమ చేత్తో తూచినట్టు పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "లోపల కరెంటును కలిపి విడదీసే రిలే ఉంటుంది. సాకెట్లో గుచ్చి ఆన్ చెయ్, టిక్కుమంటుంది చూడు" అన్నాడు. ఆన్ చేశాను. టిక్కుమంది. పరీక్ష పాసైనవాడిలా నా వైపు చూశాడు.

అతని ఫోన్‌లో ఆ ప్లగ్గుల బొమ్మలు పెద్దవి చేసి చేతికిచ్చాను. ఎడమ బొటనవేలు కాసేపు తడబడి సరైన చోట ఆనింది. కూలర్ బుర్రుమంటూ తిరిగింది. ఆపాడు. మళ్ళీ వేశాడు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు వేసి ఎన్నిసార్లు ఆపాడో లెక్క లేదు. "బావగారూ, మోటారు కాలిపోతుందండీ" అని మా ఆవిడ తలుపు అవతల నుంచే బతిమాలింది. నేను మాత్రం ఆపమనలేదు. ఆరు నెలల తర్వాత అతను ఇంకొకరిని పిలవకుండా చేసుకున్న మొదటి పని అది.

ఈ ప్లగ్గుతో ఒక్కటే తంటా. అది పనిచేయాలంటే గోడ మీది స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. ఆ స్విచ్ ఆపితే ప్లగ్గుకే ప్రాణం పోతుంది, ఇక ఫోన్‌లో ఎంత నొక్కినా ఉలకదు పలకదు. ఇది చెప్పినంత సులువు కాదు మా ఇంట్లో. స్విచ్ ఆపని మనిషి మా కుటుంబంలో పుట్టలేదు. చిన్నప్పుడు నేను లైటు ఆపకుండా గది దాటితే అన్నయ్య టెస్టరు పిడితో వేళ్ళ మీద కొట్టేవాడు. గది వదిలితే స్విచ్ ఆపాలి. నీళ్ళు ముట్టుకోబోయే ముందు స్విచ్ ఆపాలి. ఎవరింటికి వైరింగ్ చేసినా చివర్లో ఆ ఇంటి పిల్లలందర్నీ నిలబెట్టి ఈ రెండు ముక్కలూ అప్పజెప్పించుకునేవాడు. ముప్ఫై ఏళ్ళుగా నా వేలు ఆ పని నాకు తెలియకుండానే చేస్తుంది.

అందుకే గోడ స్విచ్‌లు కదలకుండా వాటి మీద నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించాం. అన్నయ్యే దగ్గరుండి చెప్పి అంటింపించాడు. ఫ్యానుకూ టీవీకీ ఆ టేపు చాలింది. కూలర్‌కు చాలలేదు. కూలర్‌లో రోజూ నీళ్ళు పోయాలి కదా. పోసే ముందు, "స్విచ్ ఆపావా?" అని మంచం మీద నుంచి ప్రశ్న వస్తుంది. ఫోన్‌లో ఆపాను కదా అంటే ఒప్పుకోడు. "ఫోన్‌లో ఆపితే ఆపినట్టు కాదు. గోడ మీద ఆపు." రోజూ టేపు ఊడదీసి, స్విచ్ ఆపి, నీళ్ళు పోసి, మళ్ళీ స్విచ్ వేసి, టేపు అంటించేవాణ్ణి. నాలుగు రోజులకే టేపు జిగురు పోయింది. కొత్తది తేవాలని రోజూ అనుకునేవాణ్ణి.

మే నెల. మధ్యాహ్నం షిఫ్టు. భోజనం పెట్టి, మందులు వేసి, కూలర్ నింపుతున్నాను. తలుపు పక్కనున్న బోర్డు మీద స్విచ్ ఆపాను. మూడు బకెట్లు పోశాను. కింద వ్యాను హారన్ మొదలైంది. మా డ్రైవరు ఒకసారి హారన్ కొడితే పిలుపు, రెండోసారి కొడితే తిట్టు. తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ, "వస్తానన్నయ్యా" అన్నాను. "ఊఁ, వెళ్ళు వెళ్ళు" అన్నాడు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాను.

కార్గోలో ఫోన్లు లోపలికి రానివ్వరు. గేటు దగ్గర లాకర్లో పెట్టి తాళంచెవి మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. ఇంట్లో ఉన్న ప్రతి యంత్రాన్నీ ఫోన్‌కు కట్టేసి, ఆ ఫోన్‌ను రోజుకు ఎనిమిది గంటలు ఇనప డబ్బాలో పెట్టే మనిషిని నేను. షిఫ్టు ఆఫీసులో ఒక ల్యాండ్‌లైను ఉంది. ఆ నంబరు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అన్నయ్య ఫోన్‌లో ఎక్కించాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

నాలుగున్నరకు టీ విరామం. గేటు దగ్గరికొచ్చి లాకర్ తీశాను. అన్నయ్య నుంచి పద్దెనిమిది మిస్డ్ కాల్స్. మొదటిది ఒకటిన్నరకు. వేలు ముందు ప్లగ్గుల బొమ్మ మీదికే వెళ్ళింది. ఫ్యానుదీ టీవీదీ పచ్చగా ఉన్నాయి. కూలర్ బొమ్మ బూడిద రంగులో ఉంది. కింద 'ఆఫ్‌లైన్' అని రాసి ఉంది. మరుక్షణం నాకు అంతా అర్థమైంది. మూడో బకెట్, హారన్, తడి చేతులు. అయినా ఆ బూడిద రంగు బొమ్మను నొక్కాను. మళ్ళీ నొక్కాను. నొక్కితే ఏమీ జరగదని తెలిసి కూడా నొక్కుతూనే ఉన్నాను.

ఫోన్ చేస్తే ఎత్తాడు.

"ఏం లేదు రా. కూలర్ తిరగట్లేదు. కింద ఉన్నాను."

"కింద ఎందుకున్నావు?"

ఊపిరి పెద్దగా వినిపిస్తోంది.

"పడ్డావా?"

"నువ్వొస్తావా?" అన్నాడు. తర్వాత, "అమ్మాయికి చెప్పకు" అన్నాడు. అమ్మాయి అంటే మా ఆవిడ.

అతను ఆమెకు ఎందుకు చేయలేదో నాకు అప్పుడు తట్టలేదు, ఇంటికెళ్ళాక తెలిసింది. నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది. షిఫ్టు ఇన్‌ఛార్జి వెళ్ళమన్నాడు, వెళ్ళడానికి బండేదీ? కంపెనీ వ్యాను రాత్రికి గానీ రాదు. కార్గో గేటు దగ్గర ఆటో కాదు కదా, పురుగు కూడా కనపడదు. ఫోన్‌లో క్యాబ్ కోసం వెతికితే పన్నెండు నిమిషాలు, పదిహేను నిమిషాలు అని చూపిస్తోంది. ఎదురింటావిడకు చేశాను. వెనకాల ఎవరో పిల్లల గోల.

"అన్నా, నేను జల్‌పల్లిల ఉన్న, మా అమ్మోళ్ళింటికి వచ్చిన. పొద్దుగాల వదినకు చెప్పిన. ఏమైంది?"

చెప్పాను.

"యా అల్లా. జర ఆగుండ్రి, మా ఆయన గాడనే పార్కింగ్‌ల ఉన్నడు. పంపిస్త. మీరు గేటు కాడనే నిలబడుండ్రి."

ఎయిర్‌పోర్టు క్యాబుల పద్ధతి తెలిసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది. పార్కింగ్‌లో బండి పెట్టి గంటలకొద్దీ తన వంతు కోసం కూర్చోవాలి. వరస వదిలి బయటికొస్తే మళ్ళీ చివరి నుంచి మొదలు. అతను తొమ్మిదింటి నుంచి వరసలో ఉన్నాడట. ఎనిమిది నిమిషాల్లో నా ముందు బండి ఆపాడు. "కూర్చోండ్రి భాయ్" అన్నాడు, అంతే. దారి పొడుగునా ఇంకేమీ అడగలేదు. నేను ఫోన్‌లో ఆ బొమ్మనే నొక్కుతూ కూర్చున్నాను. ఒకసారి అద్దంలోంచి చూసి ఏసీ పెంచాడు. ఆ చల్లగాలి నా మొహానికి తగులుతుంటే ఏడుపొచ్చింది.

తలుపు తీసేసరికి, ఫ్యాను తిరుగుతున్నా గదిలోంచి వేడి కొట్టింది. అన్నయ్య మంచానికీ తలుపుకీ మధ్య నేల మీద కుడి పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. పంచె ఊడిపోయి మోకాళ్ళ కింద చిక్కుకుంది. ఎడమ చేతిలో ఫోను. పెదవులు ఎండి అట్టకట్టాయి. మరదలికి గానీ ఎదురింటావిడకు గానీ ఎందుకు చేయలేదో అప్పుడు అర్థమైంది. అతను వచ్చి నాలుగు నెలలైనా మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతుంది తప్ప గదిలో కూర్చుని ఎరగదు. అతనూ ఆమె వచ్చే వేళకు చొక్కా వేయించుకుని కూర్చుంటాడు. అలాంటివాడు ఆ స్థితిలో ఉండి మరదల్ని ఎలా పిలుస్తాడు? మూడు గంటలు నాకే ఫోన్ చేశాడు, మధ్య మధ్య కూలర్ బొమ్మ నొక్కాడు.

ముందు పంచె కట్టాను. తర్వాతే నీళ్ళు పట్టాను. నా వెనకే పైకి వచ్చిన క్యాబ్ అతను తల పక్కకు తిప్పుకుని భుజాలు పట్టుకున్నాడు. ఇద్దరం మోసుకుని కిందికి దించాం. "దవాఖానకు పోదాం, ఇంట్ల ఆలోచించుకుంట కూర్చోవద్దు" అన్నాడు.

ఎముక విరగలేదు. ఒంట్లో నీరు బాగా తగ్గిందని మూడు రోజులు ఉంచుకున్నారు. పంపించేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇతన్ని గంట కూడా ఒంటరిగా వదలొద్దు అన్నాడు. వదలకుండా ఎలా అని అడగబోయి ఊరుకున్నాను. అది ఆయన పని కాదు.

మేం చేయగలిగిందంతా చేశామనే అనుకుంటాను. మనిషిని పెట్టుకున్నాం, పది రోజులుండి మానేశాడు. ఇంకొకతను నాలుగో రోజు నుంచి రాలేదు. షిఫ్టు మార్చమని అడిగాను, చూద్దామన్నారు. ఒకరోజు నాకొక ఆలోచన వచ్చి అన్నయ్య ముందు పెట్టాను. గోడ స్విచ్ తీసేయించి, సాకెట్‌కు కరెంటు నేరుగా ఇప్పిస్తే ఆపడమనే సమస్యే ఉండదు కదా.

అన్నయ్య మొహం ఎర్రబడింది. "స్విచ్ లేని సాకెట్ నేను శత్రువు ఇంట్లో కూడా పెట్టలేదు. నా తమ్ముడింట్లో పెట్టిస్తానా?" అన్నాడు. తర్వాత తనే అన్నాడు. "నన్ను ఎక్కడన్నా చేర్చు రా. మీరు వంటింట్లో మాట్లాడుకునేది నాకు వినపడుతూనే ఉంటుంది."

మామిడిపల్లి వెళ్ళే దారిలో ఒక కేర్ సెంటర్ ఉంది. చుట్టూ ప్లాట్లు, హద్దు రాళ్ళు, మధ్యలో మూడంతస్తుల భవనం. మంచి చోటే. ఫిజియోథెరపీ ఉంది, భోజనం బాగుంటుంది, ఎప్పుడు చూసినా ఫినాయిల్ వాసన. గదికి నలుగురు. ఫ్యాన్ల స్విచ్‌లు బయట వరండాలో ఉంటాయి, అటెండర్లు వేస్తారు, ఆపుతారు. అన్నయ్యను అక్కడ వదిలి వచ్చిన రోజు ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

ప్రతి ఆదివారం వెళ్తాను. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు మంచం అంచున కూర్చోబెట్టి ఉన్నారు. గడ్డం నున్నగా గీశారు. బత్తాయి తొనలు ఒలిచి పెడుతుంటే తింటూ తింటూ ఆపాడు.

"ఆ రోజు నువ్వు స్విచ్ వేయకుండా వెళ్ళడం నేను చూశాను" అన్నాడు.

నా చేతిలో తొన అలాగే ఉండిపోయింది.

"బోర్డు మీద ఎర్ర దీపం వెలగలేదు. నీళ్ళు పోసి బకెట్ అక్కడే పెట్టి వెళ్ళిపోయావు. నాకు కనపడింది."

"మరి పిలవొచ్చు కదా అన్నయ్యా? మెట్ల మీదే ఉన్నాను కదా!" నాకు కోపమే వచ్చింది.

"పిలుద్దామనే అనుకున్నాను. మళ్ళీ ఐదడుగులే కదా, లేచి నేనే వేద్దామనుకున్నాను." సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "మంచం కోడు పట్టుకుని లేచాను. లేచి నిలబడ్డాను రా. మూడడుగులు నడిచాను. పట్టుకోకుండా. ఇంకో రెండు వేస్తే బోర్డు అందేది."

ప్లగ్గులు తెచ్చి పెట్టినప్పుడు అతను లేవక్కర్లేకుండా చేశానని నేను మురిసిపోయాను. అతనికి కావలసింది లేవడం. ఆ ముక్క నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"ఇక్కడ లేవనివ్వట్లేదు" అన్నాడు గొంతు తగ్గించి. "ఫిజియో అతను పట్టుకుని నాలుగు అడుగులు వేయించి పడుకోబెట్టేస్తాడు. పొద్దున పూట ఒక్కసారి, నా అంతట నన్ను లేవనివ్వమని చెప్పు. పక్కన మనిషిని నిలబెట్టుకోమను, ముట్టుకోవద్దను. నువ్వు చెబితే వింటారు."

కింద కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి శ్రద్ధగానే విని, ఫైలు తెరిచి నా వైపు తిప్పింది.

"సార్, పేషెంట్‌ను ఒక్కడిని లేవనియ్యొద్దు, పడితే మా జిమ్మా కాదు అని రాసుంది గదా. చూడుండ్రి, మీ సంతకమే."

నా సంతకమే. చేర్చిన రోజు చదవకుండా పెట్టిన పది సంతకాల్లో ఒకటి. చదివినా పెట్టేవాణ్ణే.

"దీన్ని మార్చొచ్చా?"

"మారుస్తం సార్. మరి పడితే మీరు పూచీ రాసిస్తరా?"

కౌంటర్ మీద పెన్ను ఉంది. దారానికి కట్టి ఉంది. దాని వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నేల మీద ఒరిగి పడి ఉన్న అన్నయ్యే కళ్ళ ముందు మెదిలాడు. ఆ అమ్మాయి నా వెనకాల ఉన్నవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టింది. పెన్ను ముట్టుకోకుండా పైకి వచ్చేశాను.

అన్నయ్య తలుపు వైపే చూస్తున్నాడు.

"ఏమన్నారు?"

"సరేనన్నారు" అన్నాను. "రేపటి నుంచి."

అన్నయ్య మొహం విప్పారింది. ఇంకేమీ అడగకుండా, ఎడమ కాలు కిందికి జార్చి మంచం కింద చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.